లోగో చుట్టూ తెల్ల డబ్బా రాకుండా ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయాలి?

షాపు లోగో బ్యాక్‌గ్రౌండ్ తీసేసి జేపీజీలో సేవ్ చేశారు, ఫ్లెక్స్ డిజైన్‌లో పెట్టగానే చుట్టూ తెల్ల డబ్బా వచ్చిందని అడిగారు. మీ కటింగ్‌లో లోపం లేదండీ. జేపీజీలో పారదర్శకతకు చోటే ఉండదు, ఖాళీ ఉన్నచోటల్లా ఏదో ఒక రంగు, మామూలుగా తెలుపు, నిండిపోతుంది. పీఎన్‌జీలో సేవ్ చేయండి. అయితే ఆ జేపీజీనే పీఎన్‌జీగా మారిస్తే లాభం లేదు, అందులో ఖాళీ ఎప్పుడో పోయింది. లేయర్లున్న అసలు ఫైలు తెరిచి అక్కడి నుంచే ఎక్స్‌పోర్ట్ చేయాలి.

నల్లగొండలో మాది డీటీపీ పని. బతుకమ్మ పండగ వస్తోందంటే ఫ్లెక్సులకు ఊపిరాడదు. బతుకమ్మ ఫొటో కట్ చేసేటప్పుడు తంగేడు పూలతో పెద్ద ఇబ్బంది ఉండదు, అసలు పరీక్ష గునుగు దగ్గరే. దాని కొసలు ఎంత సన్నవంటే వెనకున్న రంగు వాటిలోంచి కాస్త కనిపిస్తుంది. పీఎన్‌జీ ఒక్కో పిక్సెల్ ఎంత కనిపించాలో 256 స్థాయిల్లో దాచుకోగలదు కాబట్టి ఆ కొసలు కొత్త బ్యాక్‌గ్రౌండ్‌లో మెత్తగా కలిసిపోతాయి. జిఫ్‌లో పిక్సెల్ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేదంటే అసలుండదు. అంచులు రంపం పళ్లలా తేలతాయి. పైగా ఒక్కో ఫ్రేముకు రంగులే 256కు మించవు. మనుషుల జుట్టుకైనా ఇదే లెక్క.

కట్ చేశాక కింద ముదురు రంగు లేయర్ పెట్టి చూసుకోండి. తెలుపు మీద దాక్కున్న సన్నని తెల్ల అంచు అప్పుడు బయటపడుతుంది.

ఇంత చేసి వాట్సాప్‌లో ఫొటోలా పంపారంటే మళ్లీ జేపీజీ అయిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమని కస్టమర్లకు నేను ముందే చెబుతాను. నెట్‌లో దొరికే బొమ్మల్లో కూడా జాగ్రత్త: వెనక బూడిదరంగు గళ్లు కనిపిస్తే పారదర్శకమే అనుకుంటాం, కొన్నిట్లో ఆ గళ్లు బొమ్మలోనే అచ్చయి ఉంటాయి.

లోగోని కోరల్‌డ్రాలోనో ఇలస్ట్రేటర్‌లోనో గీయించి ఉంటే పెద్ద బోర్డుకు పీఎన్‌జీ కూడా వద్దు. వెక్టర్ (పిక్సెళ్లతో కాకుండా గీతలుగా దాచే) పీడీఎఫ్ గానీ ఎస్‌వీజీ గానీ ఇవ్వండి, ఎన్ని అడుగులకు సాగదీసినా పగలదు. వెబ్‌సైట్‌కైతే వెబ్‌పీ మంచిది. 2010లో గూగుల్ తెచ్చిన ఈ ఫార్మాట్‌లో పారదర్శకత ఉంటుంది, సైజు కూడా మామూలుగా పీఎన్‌జీ కంటే తక్కువే. ప్రింటింగ్‌కు మాత్రం వెబ్‌పీ పంపకండి, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న షాపుల్లో అది తెరుచుకోదు.