కోత ఎంతని ముందే అడగకు బామ్మర్దీ

బామ్మర్దీ,

నిన్న ఫోన్ల నడుం ఆపరేషన్ ముచ్చట వస్తే "చిన్న కోతదైతే చేయించుకుంట బావా, పెద్దదైతే నాకొద్దు" అన్నవు. ఆ మాట మీదనే ఇది రాస్తున్న. నాది ఓపెన్ ఆపరేషన్, మీ అక్కది గొట్టం పెట్టి చేసింది. రెండూ ఒక్క ఇంట్లనే చూసిన.

బస్టాండ్ల దిగి ఇంటిదాక నడిస్తే పిక్కలు గుంజి అరుగుల మీద కూలబడుతున్నవు. సైకిలెక్కితే మాత్రం ఎంత దూరమైనా పోతున్నవు. నడుంల నరాల తోవ ఇరుకైంది, ముందుకు వంగితే అది జర తెరుచుకుంటది, అందుకే. ఆపరేషన్‌తోని ముఖ్యంగ తగ్గేది ఈ కాళ్ల బాధ. నడుం నొప్పి సంగతి గ్యారంటీ లేదు, నాకైతే ఇంకా ఉంది.

ఓపెన్ల నడిమిట్ల పొడుగ్గ కోసి, కండను ఎముక మీదికెళ్లి రెండు దిక్కుల ఒలిచి, వెన్నుపూస వెనక పలక తీస్తరు. రెండో దాంట్ల కోత రెండు సెంటీమీటర్ల చిల్లర. కండను పాయలు తీసినట్టు జరిపి, గొట్టం దించి, మైక్రోస్కోపుల చూసుకుంట ఎముకను, మందమైన పొరను తొలుస్తరు. లోపట పని రెండిట్ల ఒక్కటే, నరాన్ని వదులు చేసుడు. చిన్న కోతకు రక్తం తక్కువ పోతది, ఇంటికి జల్ది పంపుతరు. నేను వారం పడుకున్న. మీ అక్క మూడోనాడే పొయ్యి కాడికి పోయి నాతోని తిట్లు తిన్నది. రెండేండ్లు దాటినంక ఇద్దరం ఒక్క తీరుగనే నడుస్తున్నం. పరిశోధనలల్ల కూడ దూరపు ఫలితాలు ఇంచుమించు గిట్లనే వచ్చినయ్.

ఇగ నీ సంగతి వేరే. మర్రిగూడల బోరునీళ్లు తాగి పెరిగినోనివి. కృష్ణా నీళ్లొచ్చినయ్ గని, అంతకుముందు తాగిన ఫ్లోరైడ్ ఎముకలల్లనే ఉంది. అది వెన్నుల పొరలను ఎముక లెక్క గట్టిపరుస్తది, మెడల, వీపుల సుత. నడుస్తుంటే కాళ్లు బిర్రబిగుసుకపోతున్నయని డాక్టర్‌కు దాచకుండ చెప్పు. మెడ, వీపు ఎంఆర్ఐ కూడ కావాల్నా అని అడుగు. అసొంటి పొర నరాల సంచికి అతుక్కుంటే తీసేటప్పుడు చినిగే భయముంటది. అందుకని పెద్ద కోతే మంచిదని డాక్టరంటే మొండికేయకు.

పూసలు కదలకుండ బిగించేటందుకు స్క్రూలు, రాడ్లు వెయ్యాలంటే ఎందుకని అడుగు. నిలవడి, ముందుకూ వెనకకూ వంగి ఎక్స్‌రే తీస్తే పూస జారుతుందా లేదా తెలుస్తది. స్వీడన్ల 247 మంది మీద చేసిన పరిశోధన 2016ల వచ్చింది. రెండేండ్లకు చూస్తే, పూస కొంచెం జారినోళ్లకు సుత, బిగించినందుకు అదనపు లాభం కనవడలే.

హైదరాబాద్ల ఒక దవాఖానోళ్లు నా ఫిల్ము వెలుతురుకు పెట్టి చూడకుండనే "లేజర్" అన్నరు. లేచి వచ్చిన. నువ్వు పోయేకాడ, ఈ పద్ధతిల ఎంతమందికి చేసిండో ఆ డాక్టర్నే అడుగు, సిగ్గుపడకు. ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ల 10 లక్షలకు పెరిగింది గని, నీకు చెప్పిన ఆపరేషన్ అందుల ఉందో లేదో ఆరోగ్యమిత్రను అడిగినంకనే చేరు.

బీడీ ఇయ్యాల్నే బంద్ వెట్టు. షుగర్ చూపించుకో. మూత్రం బందైనా, కూసునే జాగల స్పర్శ పోయినా తెల్లారేదాక ఆగకు, ఆ రాత్రే బండి కట్టించుకొని పెద్దదవాఖానకు పో.

గురువారం నల్లగొండకు వచ్చేటప్పుడు ఫిల్ములు అన్నీ తే, వట్టి రిపోర్టు కాయితాలు కావు. మీ అక్క సర్వపిండి చేస్తనంటుంది.

మీ బావ