మీ ప్రశ్న – మా జవాబు: బోర్డు పట్టుకున్న పైలట్ కొడుకు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, ఒహాయోలో ప్రైవేట్ జెట్ పైలట్. గ్రీన్ కార్డ్ ఉంది. జీతాల ఒప్పందం రెండేళ్లుగా తేలడం లేదట. మొన్న సెలవు రోజున యూనిఫాం వేసుకుని, బోర్డు పట్టుకుని తోటి పైలట్లతో ఎయిర్‌పోర్ట్ బయట నిలబడ్డాడు. ఫొటో చూసినప్పటి నుంచి ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్. కోటీశ్వరులను తిప్పేవాడికి యూనియన్ ఎందుకని మా మరిది అంటున్నాడు. వాణ్ణి ఆపమంటారా?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: ఆపకండి అమ్మా.

ముందు మీ భయం సంగతి. అబ్బాయి చేసింది సమ్మె కాదు. డ్యూటీ లేని రోజున నిలబడి తమ గోడు నలుగురికీ చెప్పడం, అంతే. అక్కడ వీళ్లకు వర్తించేది రైల్వే కార్మిక చట్టం. 1926లో రైళ్ల కోసం తెచ్చి, 1936లో విమానాలకూ వర్తింపజేశారు. దాని ప్రకారం గడువు దాటినా పాత ఒప్పందమే నడుస్తుంది, మాటలు తెగకపోతే జాతీయ మధ్యవర్తిత్వ బోర్డు దగ్గరికి వెళ్లాలి, ఆ బోర్డు ఇక కుదరదని వదిలేసేదాకా సమ్మెకు దిగడానికి లేదు, వదిలేశాక కూడా 30 రోజులు ఆగాలి. మధ్యవర్తిత్వం ఇన్నాళ్లలో ముగియాలన్న లెక్క ఏదీ లేదు. రెండేళ్లు పట్టింది అందుకే. ఆ రెండేళ్లూ ఇంటి అద్దె పెరుగుతుంది, జీతం మాత్రం పాత పట్టిక ప్రకారమే. ఆలస్యం ఎవరికి లాభమో మీరే చూడండి. ఇలా ఆలస్యమైన కాలానికి బకాయిలు ఇస్తారా లేదా అన్న దగ్గర చివర్లో పేచీ ముదిరేది కూడా ఇందుకే.

ఇక మీ మరిది గారి మాట. ఎక్కేవాళ్లు కోటీశ్వరులే, నడిపేవాళ్లు మాత్రం నెల జీతం మీద బతికేవాళ్లు. ఒహాయోలోని కొలంబస్ కేంద్రంగా నడిచే ప్రైవేట్ జెట్ల కంపెనీ నెట్‌జెట్స్‌నే తీసుకోండి. జెట్‌లో కొంత వాటా కొనుక్కుని ఏడాదికి ఇన్ని గంటలని వాడుకునే పద్ధతిలో నడిచే ఈ కంపెనీని 1998లో వారెన్ బఫెట్ గారి బెర్క్‌షైర్ హాథవే 72.5 కోట్ల డాలర్లకు కొన్నది. అంత పెద్ద చెయ్యి వెనక ఉన్నా, 2015లో ఒమాహాలో బెర్క్‌షైర్ వాటాదారుల సమావేశం జరుగుతుంటే నెట్‌జెట్స్ పైలట్లు బయట బోర్డులతో నిలబడాల్సి వచ్చింది. ఆ జూన్‌లో నెట్‌జెట్స్ సీఈవో మారారు, డిసెంబర్‌లో పైలట్లు కొత్త ఒప్పందానికి ఓటేశారు. బోర్డుల వల్లే అంతా జరిగిందని నేను అనను, కానీ ఇంట్లో కూర్చుంటే జరిగేదనీ అనుకోను.

ఉద్యోగాలు పోనే పోవా అంటే, పోతాయి. అయితే ఆ దెబ్బ ఎక్కువగా మాంద్యం వల్ల తగులుతుంది. 2009లో నెట్‌జెట్సే 495 మంది పైలట్లను ఇంటికి పంపుతున్నట్టు ప్రకటించింది. అలాంటప్పుడు సీనియారిటీ జాబితాలో కింద ఉన్నవాళ్ల నుంచి మొదలుపెడతారు, మళ్లీ పిలిచేటప్పుడూ వరస ఉంటుంది. ఆ వరస రాసి ఉండేది యూనియన్ ఒప్పందంలోనే.

ఈసారి ఫోన్ చేసినప్పుడు “ఎందుకు వెళ్లావురా” అనకుండా “ఏ దగ్గర ఆగింది” అని అడగండి. వాడు గంటసేపు చెప్తాడు.

ప్రశ్న: ప్రైవేట్ జెట్ పైలట్లకు 7 రోజులు డ్యూటీ, 7 రోజులు సెలవు అంటే హాయే కదా సార్? ఇంకా ఎందుకు గొడవ?
– పైలట్ శిక్షణలో ఉన్న విద్యార్థి, రాజమండ్రి

జవాబు: ఆ 7 రోజులూ ఎలా గడుస్తాయో చూడు తమ్ముడూ. ఇంటి ముఖం చూడవు, రోజుకో ఊళ్లో హోటల్, డ్యూటీ 14 గంటల దాకా సాగొచ్చు. చాలా జెట్లలో విడిగా సిబ్బంది ఉండరు. ఐస్ నింపడం, కాఫీ సర్దడం, సూట్‌కేసులు మోయడం, దిగిపోయాక సీట్ల మధ్య చెత్త ఏరడం, అన్నీ ఆ ఇద్దరు పైలట్లే. ప్రయాణికులు రెండు గంటలు ఆలస్యంగా వస్తే ఆ రెండు గంటలూ నీ డ్యూటీలోకే. నువ్వు చెప్పే 7 రోజుల సెలవు కూడా ఎవరో దయతో ఇచ్చింది కాదు, బేరమాడి ఒప్పందంలో రాయించుకున్నది.

పైగా 2023లో అమెరికాలోని పెద్ద ఎయిర్‌లైన్ డెల్టా పైలట్లు నాలుగేళ్లలో మొత్తం 34 శాతం పెంపు సాధించుకున్నారు. అది చూసి ప్రైవేట్ జెట్లు వదిలి ఎయిర్‌లైన్స్‌కు వెళ్దామని అనిపించడం సహజం. కానీ కంపెనీ మారితే సీనియారిటీ మళ్లీ సున్నా నుంచి. 45 ఏళ్ల కెప్టెన్ కుర్రాళ్ల వెనక నిలబడాలి. అందుకే చాలామంది ఉన్నచోటే జీతం పెంచమని అడుగుతున్నారు. నువ్వు ఉద్యోగంలో చేరేముందు జీతం అంకెతో పాటు సెలవు రోజున పని చేయిస్తే ఎంత ఇస్తారో కూడా అడుగు.