మాడ్రిడ్–లిస్బన్ టికెట్‌లో సమయం తప్పేమీ లేదు

స్పెయిన్‌లోని మాడ్రిడ్ నుంచి పోర్చుగల్‌లోని లిస్బన్‌కు విమానంలో వెళ్లేటప్పుడు 20 నిమిషాలు, తిరిగి వచ్చేటప్పుడు 2 గంటల 20 నిమిషాలు పడుతున్నట్టు టికెట్‌లో ఉందని కంగారు పడ్డారు కదా. రెండు వైపులా ప్రయాణం 1 గంట 20 నిమిషాలే. పోర్చుగల్ గడియారం స్పెయిన్ కంటే ఏడాది పొడవునా ఒక గంట వెనక ఉంటుంది. మాడ్రిడ్‌లో 10:00కు బయలుదేరితే అక్కడి లెక్కలో 11:20కి దిగుతారు, లిస్బన్‌లో అప్పటికి 10:20. టికెట్ మీద ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక సమయమే వేస్తారు.

రెండు విమానాశ్రయాల మధ్య సరళరేఖలో దూరం దాదాపు 515 కిలోమీటర్లు. గాలిలో ఉండేది గంట లోపే. ఆ 1 గంట 20 నిమిషాల్లో విమానం గేటు వదిలి రన్‌వే చేరడం, దిగాక మళ్లీ గేటుకు రావడం కూడా కలిసి ఉంటాయి. మాడ్రిడ్‌లోని బరాహాస్ విమానాశ్రయం చాలా పెద్దది, నేల మీదే చాలా సేపు గడుస్తుంది. ఎదురుగాలి తేడా కొద్ది నిమిషాలే.

విమానం బదులు బస్సులో వెళ్దామన్న ఆలోచన ఉంటే, నా మాట విని మానుకోండి. రోడ్డు మీద 620 కిలోమీటర్లకు పైనే, సుమారు 8 గంటలు కూర్చోవాలి.

ఒక్క జాగ్రత్త: తిరుగు ప్రయాణం లిస్బన్ టెర్మినల్ 2 నుంచి అయితే మెట్రో దిగేది టెర్మినల్ 1 దగ్గర. అక్కడి నుంచి ఉచిత బస్సు ఉంది, అందుకు అరగంట అదనంగా పెట్టుకోండి. మాడ్రిడ్‌లో దిగాక ఎవరైనా ఎదురు వస్తుంటే వాళ్లకు స్పెయిన్ సమయమే చెప్పండి.