ఉడుము గుడ్లు పెట్టే చోటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అటవీశాఖ అనుమతితో నడిచే ఒక వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో జంతువులను చూసుకునే పనిలో ఉన్నాను. బండి తగిలి కాలు దెబ్బతిన్న ఒక ఆడ ఉడుము జ్యేష్ఠ మాసంలో మా దగ్గరికి వచ్చింది. కాలు నయమైంది గాని, పది రోజులుగా మేత ముట్టకుండా ఆవరణ నాలుగు మూలలా తవ్వి వదిలేస్తోంది. గుడ్లు పెడుతుందేమోనని తొట్టె నిండా ఏటి ఇసుక పోసి పెట్టాము. ఒకసారి గోళ్లతో గీకి మళ్లీ అటు వెళ్లలేదు. మగది లేకుండా గుడ్లు ఎలా పెడుతుంది? మేము ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుణుపూరు, రాయగడ జిల్లా

జవాబు: మీ దగ్గరికి రాకముందే అది జతకట్టి ఉండవచ్చు. జతకట్టకపోయినా పిల్ల కట్టని గుడ్లు పెట్టవచ్చు. ఉడుము జాతిలో అన్నిటికన్నా పెద్దదైన కొమోడో డ్రాగన్ మగదాని పొత్తు లేకుండానే పిల్లలయ్యే గుడ్లు పెట్టిన సంగతి 2006లో ఇంగ్లండులోని లండన్, చెస్టర్ జంతుప్రదర్శనశాలల్లో బయటపడింది. గుడ్డులో పిల్ల ఉన్నా లేకున్నా, దాన్ని పెట్టడానికి తల్లికి కావలసిన చోటు మాత్రం ఒక్కటే.

తవ్వి వదిలేస్తోందంటే ఆ చోటు తనకు పనికిరాదని తేల్చుకుంటోందన్న మాట. పొడి ఇసుకలో సొరంగం నిలవదు. తవ్వినకొద్దీ పైనుంచి జారి పూడిపోతుంది. తొలి రోజుల్లో నేనూ మీలాగే ఇసుకే పోసి, ఉడుముదే తప్పన్నట్టు వారం రోజులు ఎదురుచూశాను. వంశధార ఒడ్డు ఒండ్రుమట్టి రెండు పాళ్లకు ఇసుక ఒక పాలు కలిపి, నీళ్లు చిలకరించి, గుప్పెట్లో బిగించి చూడండి. గుప్పెడు తెరిచినప్పుడు ఉండ నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి, అరచేతికి నీరు అంటకూడదు. ఆ మట్టిని పొరలు పొరలుగా వేసి ప్రతి పొరనూ అరచేత్తో అదమాలి. అలా చేసిన మట్టిలో మీరే మోచేతి దాకా ఒక సొరంగం తవ్వి, మర్నాటికి కప్పు కూలకుండా ఉందో లేదో చూడవచ్చు.

లోతు విషయంలో పిసినారితనం పనికిరాదు. మన ఉడుముకు 60 సెంటీమీటర్లకు తగ్గకుండా మట్టి ఉండాలి, ఇంకా లోతైతే మరీ మంచిది. ఆస్ట్రేలియాలోని పసుపు మచ్చల ఉడుము మరచుట్టులా తిరుగుతూ రెండు మూడు మీటర్ల లోతుకు దిగి గుడ్లు పెడుతుందంటే, చేటలో పోసిన మట్టి దానికి ఎలా సరిపోతుందో మీరే ఊహించండి. అడుగున మట్టి వేడి 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. తీగ ఉన్న థర్మామీటరును లోపలికి దించి చూడండి, ఎందుకంటే పైన చేతికి వెచ్చగా తగిలే మట్టి అడుగున చల్లగా ఉండటం మామూలే. తొట్టె కింద వేడి పలక పెట్టవద్దు. ఉడుము అడుగుదాకా తవ్వుతుంది, అక్కడ గుడ్లు ఉడికిపోతాయి. ముసురు రోజుల్లో గదినే వెచ్చగా ఉంచడం మేలు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక్క చోటుతో సరిపెట్టకపోవడం. మూతా పక్కన ద్వారమూ ఉన్న చీకటి పెట్టె ఒకటి, ఆవరణ మూలలో అదిమి పోసిన మట్టిదిబ్బ ఒకటి, తడిమట్టి కూరిన బోలు దుంగ ఒకటి ఉంచి, ఎంపిక దానికే వదలండి. అడవిలో అది తరచుగా చెదలు కట్టిన పుట్టను ఎంచుకుంటుంది; పుట్ట లోపలి తడి, వెచ్చదనం బయటి ఎండావానలతో పెద్దగా మారవు. నాగుల చవితికి మనవాళ్లు పాలు పోసే పుట్టల్లో కొన్నిటి అడుగున ఉడుము గుడ్లు ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. అది తవ్వడం మొదలుపెట్టాక గంటకోసారి మూత తీసి చూసే ఆత్రం మాత్రం మానుకోండి, చాలా గూళ్లు అక్కడే చెడుతాయి. నీళ్లు అందుబాటులో ఉంచి దూరంగా ఉండండి.

పొట్ట ఒక్కసారిగా జారి, పక్కల చర్మం ముడతలు పడి, మూతికి మట్టి అంటి కనిపిస్తే గుడ్లు పెట్టేసినట్టే. అలా కాక తవ్వుతూనే నీరసించిపోతే, కాళ్లు ఈడుస్తూ కదలకుండా పడుకుంటే ఆ రోజే పశువైద్యుడి దగ్గర ఎక్స్‌రే తీయించాలి. గుడ్లు లోపలే నిలిచిపోతే ప్రాణం మీదికి వస్తుంది. పొట్ట నొక్కి గుడ్లు బయటికి తేవాలని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు, లోపలే పగులుతాయి. పెట్టిన గుడ్లను తీయవలసి వస్తే పైభాగాన పెన్సిలుతో గుర్తుపెట్టి, ఆ వైపు పైకే ఉండేలా తడి వర్మిక్యులైట్‌లో (తడిని పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు) ఉంచండి. పిల్లలు రావడానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: పొలం గట్టు సరిచేస్తుంటే పుట్టలో ఉడుము గుడ్లు బయటపడ్డాయి. ఇంటికి తెచ్చి పొదిగించవచ్చా?
– ఒక రైతు, సిరోంచా, గడ్చిరోలి జిల్లా

జవాబు: తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మన ఉడుము మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. గుడ్లు తీయడం కూడా వేటకిందే లెక్క, నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. గుడ్లను తిప్పకుండా, ఉన్నచోటనే అదే తడిమట్టితో కప్పి, పైన నాలుగు ముళ్లకంపలు వేసి, అటవీశాఖ గార్డుకు కబురు పెట్టండి. గట్టు పని ఆ రెండు గజాలు మాత్రం తరువాత చూసుకోవచ్చు.