మాల్దీవులా, అండమానా? ముందు మీవారి ఆఫీసులో ఒక మాట అడగండి

ప్రశ్న: సార్, మాది మల్కాపురం. మావారు డాక్‌యార్డులో సివిలియన్ ఉద్యోగి, అన్ని కటింగులూ పోను చేతికి 68 వేలు వస్తుంది. సొంతూరు టెక్కలి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, నాకు 16 వేలు. బాబుకి ఎనిమిదేళ్లు. వచ్చే జనవరికి మా పెళ్లయి పదేళ్లవుతుంది. మా తోటికోడలు వాళ్లు మాల్దీవులు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నాకూ ఒక్కసారి వెళ్లాలని ఉంది. ముగ్గురికి మూడు రాత్రులకు 2 లక్షల 60 వేలు అన్నాడు ఏజెంటు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇప్పిస్తానంటున్నాడు. కొటేషన్ ఫొటో పెడుతున్నాను. బ్యాంకులో 1 లక్షా 40 వేలు ఉంది. మా అమ్మ పెట్టిన హారం మీద 1 లక్షా 80 వేల గోల్డ్ లోన్ నడుస్తోంది. వెళ్లొచ్చా?

జవాబు: జనవరిలో దీవికి వెళ్లండి, కానీ ఈ ప్యాకేజీలో మాత్రం వద్దండి.

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. రూము ధర రాత్రికి 250 డాలర్లు అని రాసి, పక్కన చిన్నగా రెండు ప్లస్ గుర్తులు పెట్టారు చూడండి. మీరది ప్రింటింగ్ తప్పనుకుని ఉంటారు. సర్వీసు చార్జీ, పన్ను విడిగా కట్టాలని దానర్థం. లెక్క వేద్దాం. మూడు రాత్రులకు 750 డాలర్లు, దాని మీద 10 శాతం సర్వీసు చార్జీ వేస్తే 825, ఆ మొత్తం మీద టూరిజం జీఎస్టీ 17 శాతం (2025 జూలై నుంచి అంతే) వేస్తే 965 దాటింది. పైగా గ్రీన్ ట్యాక్స్ అని రిసార్టుల్లో మనిషికి రోజుకు 12 డాలర్లు, రెండేళ్లు దాటిన పిల్లలకూ అంతే, కాబట్టి మీ ముగ్గురికీ 108. అంటే 750 అనుకున్నది 1,073 అయింది, ఇంకా మీరు భోజనానికి కూర్చోలేదు. కొటేషన్లో ఉన్నది బ్రేక్‌ఫాస్ట్ ఒక్కటే. రిసార్టు దీవి అంటే దీవి మొత్తం రిసార్టుదే, మన బీచ్ రోడ్డులోలా బయటికొచ్చి మురీ మిక్చర్ తిని కడుపు నింపుకుందామంటే కుదరదు. అక్కడ బిల్లు కార్డుతో కడతారు కదా, చాలా కార్డులకు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం, ఆ చార్జీ మీద మళ్లీ జీఎస్టీ పడుతుంది, లక్ష ఖర్చయితే 4,130 రూపాయలు ఊరికే పోతాయి.

ఇంకో లైను కూడా ఉంది, సీప్లేన్ ఎక్స్‌ట్రా అని. మాలే విమానాశ్రయం నుంచి రిసార్టు దీవికి తీసుకెళ్లే, నీళ్ల మీద దిగే చిన్న విమానం అది. రిసార్టును బట్టి రానూపోనూ పెద్దవాళ్లకు మనిషికి 400 డాలర్ల పైనే అడుగుతారు. ఆ సీప్లేన్ చీకటి పడ్డాక ఎగరదు. విశాఖ నుంచి ఏ బెంగళూరో వెళ్లి విమానం మారి, మాలేలో దిగేసరికి సాయంత్రమైందంటే, ఆ రాత్రి మాలేలో ఇంకో రూము తీసుకుని పడుకోవాలి. అంత డబ్బు పోసిన మూడు రాత్రుల్లో ఒకటి అలా పోయినట్టే.

ఈఎంఐ సంగతి. నెలకు సుమారు 21,700, అంటే మీ జీతం మొత్తం, పైన మీవారి జీతంలో నుంచి ఇంకో ఐదు వేలు పైచిలుకు. నో కాస్ట్ అనగానే వడ్డీ లేదనుకోకండి, ఒకేసారి కడితే ఇవ్వాల్సిన డిస్కౌంటును ఆపి దాన్నే వడ్డీగా సర్దుతారు, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అని ముందుగానే కొంత పన్ను కూడా పట్టుకుంటారు, అది రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది లెండి. నాకు బెంగంతా జూన్ గురించి. స్కూలు ఫీజు, గోల్డ్ లోన్ వడ్డీ, ఈ ఈఎంఐ ఒకే నెలలో మీద పడితే ముందు ఆగేది హారం వడ్డీయే, నేను చూసిన ఇళ్లలో అలాగే జరిగింది.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో రెండు మాటలు మీకు తెలియకుండానే చాలా విలువైనవి రాశారు: డాక్‌యార్డు సివిలియన్, సొంతూరు టెక్కలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఎల్‌టీసీ ఉంటుంది, అంటే సెలవు పెట్టి కుటుంబంతో వెళ్తే టికెట్ ఖర్చు ప్రభుత్వం ఇచ్చే సదుపాయం. హోమ్‌టౌన్ ఎల్‌టీసీ వాడుకుంటే మీకొచ్చేది టెక్కలికి రైలు టికెట్ డబ్బులు, దానికోసం బిల్లు పెట్టడం కూడా దండగనుకుని మీవారు వదిలేసి ఉంటారు. అదే ఎల్‌టీసీని అండమాన్‌కు మార్చుకునే వెసులుబాటు ఉంది. మామూలుగా విమానానికి అర్హత లేని స్థాయి ఉద్యోగులకు కూడా కోల్‌కతా, చెన్నై, విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) ఎకానమీ క్లాసు ఇస్తారు. మీవారికి, మీకు, బాబుకు, ముగ్గురికీ. ఈ వెసులుబాటును కేంద్రం రెండేళ్లకోసారి పొడిగిస్తూ వస్తోంది కాబట్టి తాజా ఆర్డర్ ఎప్పటివరకు ఉందో ఆఫీసులో చూడమనండి. సొంతూరు విశాఖే అయినవాళ్లకు ఈ మార్పిడి కుదరదు, వాళ్లు నాలుగేళ్లకోసారి వచ్చే ఆలిండియా ఎల్‌టీసీ వాడుకోవాలి. టెక్కలి మీకు ఇలా కలిసొచ్చింది.

దీంతోపాటు పది రోజుల ఈఎల్ (ఖాతాలో పోగైన ఎర్న్‌డ్ లీవ్) అమ్ముకోవచ్చు. మీవారి బేసిక్, డీఏ కలిపి 69 వేలు అనుకుంటే 23 వేలు చేతికొస్తుంది, కాకపోతే దానికి పన్ను ఉంటుంది, అమ్మాక ఇంకా 30 రోజులు ఖాతాలో మిగలాలి. టికెట్లకు 90 శాతం దాకా అడ్వాన్సు ఇస్తారు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఎల్‌టీసీ డబ్బుకు మినహాయింపు రాదని కూడా గుర్తుంచుకోండి.

ఒక్కచోట మాత్రం చాలా జాగ్రత్త. విమాన టికెట్లు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటిలో ఒకదాని దగ్గరే కొనాలి. నా దగ్గరికొచ్చే పోర్టు ఉద్యోగి ఒకాయన ఆరు వందల క్యాష్‌బ్యాక్ వస్తుందని ఫోన్లో ఏదో యాప్‌లో కొన్నాడు, క్లెయిమ్ మొత్తం తిరగ్గొట్టారు, ఏడాది పాటు ఆఫీసు చుట్టూ తిరిగినా రూపాయి రాలేదు. ప్రయాణానికి 21 రోజుల ముందే బుక్ చేయండి, ఆ టైమ్ స్లాట్‌లో అన్నిటికన్నా చౌక టికెట్ అదేనని కనిపించే పేజీని ప్రింటు తీసి దాచండి.

హోటలు, తిండి, పడవలు ఎల్‌టీసీలో రావు. నాలుగు రాత్రులకు మంచి రూములు 20 వేలు, పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు) ప్రైవేటు పడవల్లో రానూపోనూ 10 వేలు, తిండి, టాక్సీలు, బాబుకు స్నార్కెలింగ్ కలిపి 20 వేలు. మొత్తం 50 వేలు అనుకోండి. ఈఎల్ డబ్బు పోను మీరు సర్దుకోవాల్సింది 30 వేల లోపు, ఇప్పటినుంచి నెలకు ఏడెనిమిది వేలు విడిగా పెడితే నాలుగు నెలల్లో అయిపోతుంది. క్రిస్మస్ సెలవుల నుంచి జనవరి మొదటి వారం దాకా రేట్లు మండిపోతాయి, పెళ్లిరోజు ఆ వారంలో పడితే సంక్రాంతి దాటాక వెళ్లండి. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ వెళ్లడానికే రెండు రోజుల పైన పడుతుంది, నాలుగు రోజుల ట్రిప్పుకు అది పనికిరాదు.

బ్యాంకులో ఉన్న 1 లక్షా 40 వేలు ముట్టుకోకండి, ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే అదే దిక్కు. తిరిగొచ్చాక ఆ ఏడెనిమిది వేలు ఆపకుండా గోల్డ్ లోన్ అసలుకు కట్టండి, రెండేళ్లలో హారం ఇంటికొస్తుంది. తర్వాత అదే మొత్తం ఆర్‌డీలో వేసి మాల్దీవులకు పోగేయండి, అప్పుడైనా రిసార్టే అక్కర్లేదు, మాఫుషీ లాంటి ఊళ్లున్న దీవుల్లో గెస్ట్‌హౌసులు ఉన్నాయి, చిన్నవాటిలో గ్రీన్ ట్యాక్స్ సగమే. మందు మాత్రం ఆ దీవుల్లో దొరకదు, మీవారికి ముందే చెప్పండి.

తోటికోడలికి స్టేటస్ పెట్టే విషయంలో మొహమాటం వద్దు, హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో సాయంత్రం తీసిన ఫొటో కింద ఊరి పేరు రాయకపోతే ఏ దేశమో ఆవిడే అడుగుతుంది. సర్వీసు బుక్కులో హోమ్‌టౌన్ టెక్కలి అనే ఉందో లేదో, ఈఎల్ ఎన్ని రోజులుందో ఈ వారంలో మీవారిని చూడమనండి. ఆ రెండూ రాస్తే మిగతా లెక్క చెప్తాను.