తీగవాద్యం చేయాలంటే ముందు సొరపాదు వేయండి

"ఇంట్లో ఉండే మామూలు చేతి పనిముట్లతో చిన్న తీగవాద్యం తయారు చేయవచ్చా? ఏమేమి పనిముట్లు కొనాలి?" అని అడిగారు. చేయవచ్చు. పనిముట్లేవీ కొనకండి. డబ్బు ఖర్చు పెట్టాలని చేతులు దురద పెడుతుంటే సొరవిత్తనాలు కొనండి.

వెటకారం కాదు. నేను చేసిన ఒంటితీగ వాద్యానికి వాడినవి ఒక రంపం, కూరగాయల చాకు, పాత ఆకురాయి, గరుకు కాగితం, పొయ్యి మీద ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వ. వెదురుకు బరమాతో బెజ్జం వేయబోతే మొదటి బొంగు నిలువునా చీలింది. కాల్చిన చువ్వతో పొడిస్తే చీలదు. వంటిల్లంతా పొగ కమ్ముకుంటుంది, అమ్మ చేత తిట్లు పడతాయి, అంతే.

అసలు కష్టం కాయ దగ్గర ఉంది. సంతలో దొరికేవన్నీ గోరు గుచ్చితే దిగే లేత కాయలు. బుర్రకు, అంటే వాద్యం మోగడానికి కావలసిన డొల్లకు, పనికిరావాలంటే కాయ తీగ మీదే ముదరాలి, తొడిమె ఎండాలి, కోశాక నెలల తరబడి నీడలో ఆరాలి. ఊపితే గింజలు గలగలమనేదాకా ముట్టుకోకూడదు. అంత ఓపిక ఇప్పుడు ఎవరికి ఉంది? "ఒక్క కాయ ముదరనివ్వండి" అని మా వీధిలో పాదు ఉన్న ప్రతి ఇంటినీ అడిగాను. అందరూ నన్ను అదోలా చూశారు. చివరికి మా మేనత్త వాళ్ల దొడ్లో, ఎవరి కంటా పడకుండా పెంకు మీదికి పాకిన కాయ ఒకటి దొరికింది. దాన్ని కోసి లోపలి పీచు గీరేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి. ఆ ధూళి గొంతులో పడితే రెండు రోజులు కాఫీ కూడా చేదే. కోతలో బుర్ర అంచు కొద్దిగా పగిలింది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి పూడ్చాను. కొండపల్లి బొమ్మల వాళ్లు అతుకులకు వాడే మక్కు అదే. బజారు జిగురు కంటే గట్టిగా నిలిచింది.

బుర్ర మూతికి నానబెట్టిన మేకతోలు బిగించాను. తీగ బిగించే పొడవాటి కాడను దండె అంటారు, ఆ వెదురు దండెను బుర్రలోంచి దూర్చాను. తీగ కోసం మొదట సైకిలు బ్రేకు కేబులు విప్పి ఒక పోగు లాగాను. దాని మెలికలు ఎంత లాగినా వదల్లేదు, మీటితే తేనెటీగలా జుమ్మంది. తరవాత గిటారు సన్న తీగ కొన్నాను, పావు మిల్లీమీటరుది. మొత్తం మీద నేను కొన్న వస్తువు అదొక్కటే.

మే నెలలో ఒక సాయంత్రం అది పలికింది. ఆ సంబరంలో తీగను దించకుండా కిటికీ పక్కన పెట్టి పడుకున్నాను. రాత్రి రెండు గంటలకు 'ఢాం' అని చప్పుడు. అమ్మ గ్యాసు బండ పేలిందనుకుంది. నాన్న టార్చిలైటు పట్టుకుని వీధిలోకి పరిగెత్తారు, ట్రాన్స్‌ఫార్మర్ అని ఆయన నమ్మకం. నేను మాత్రం కిటికీ దగ్గరికి వెళ్లాను. తోలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చిరిగి ఉంది, నేను ముచ్చటపడి చెక్కిన గుర్రం బుర్ర అడుగున పడి ఉంది. గుర్రం అంటే తీగను మోసే చిన్న చెక్క. వేడికి తోలు ఇంకా బిగిసింది, తీగ నాలుగైదు కిలోల బిగువులో ఉంది, ఆ బరువులో కొంత గుర్రం కాళ్ల మీద పడింది. అందంగా ఉంటుందని ఆ కాళ్లను నేనే కత్తి అంచులా సన్నగా చెక్కాను. రెండోసారి తోలు మార్చి, రూపాయి బిళ్లంత వెడల్పు పాదం ఉన్న మొద్దు గుర్రం పెట్టాను. చూడటానికి అసహ్యంగా ఉంది. వర్షాకాలంలో తోలు వదులై గొంతు బొంగురుపోయింది కానీ చిరగలేదు.

కాబట్టి చెక్క ఏ చెట్టుది అన్న చర్చంతా తరవాత. ముందు గుర్రం సంగతి చూసుకోండి. బొబ్బిలి వీణకు పనసే వాడతారు కదా అంటారా? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే మాను తొలిచి వీణ చేసేవాళ్ల చేతిలో తరాల అభ్యాసం ఉంది. మీరూ నేనూ పనస దూలం తెచ్చుకుంటే మిగిలేది వంటచెరకు. జానపద కళాకారుడు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన తీగవాద్యం, పన్నెండు మెట్ల కిన్నెర చూడండి. అదీ సొరబుర్రలు, వెదురు దండే. ఈ మాట చెబితే మా ఊళ్లో ఒక సంగీతం మాస్టారు "అది జానపదం కదండీ" అని పెదవి విరిచారు. ఆయన వీణకు కూడా చివర బుర్ర ఉంటుందని గుర్తు చేయలేదు, మర్యాద కాదని.

మెట్లు, అంటే స్వరం మార్చడానికి తీగను వేలితో నొక్కే అడ్డగట్లు, పెట్టాలనుకుంటే లెక్క తేలికే. గుర్రం నుంచి పై ఆనిక (దండె పై కొసన తీగ ఆనే చోటు) దాకా తీగ 60 సెంటీమీటర్లు ఉంటే, గుర్రం నుంచి 45 దగ్గర మధ్యమం (మ), 40 దగ్గర పంచమం (ప), సరిగ్గా సగంలో పై షడ్జం (పై స). అయితే వేలితో నొక్కగానే తీగ సాగి స్వరం వెంట్రుకవాసి పైకి పోతుంది. స్కేలు పెట్టి గీసిన చోట మేకులు కొట్టేశారో, ఇక అపస్వరమే గతి. దారం చుట్లతో కట్టండి, చెవి చెప్పిన చోటికి జరుపుకోవచ్చు. నా పంచమం గీత కంటే మూడు మిల్లీమీటర్లు పైఆనిక వైపు జరిగి కూర్చుంది.

వీడియోల్లో యంత్రాల మీద అరగంటలో వాద్యం చేసి చూపించే వాళ్లను చూసి దిగులు పడకండి. వాళ్లలో కాయ ఎండబెట్టిన వాడు ఒక్కడూ నాకు కనబడలేదు.

ఈసారి పాదు మా మేడ మీదే వేశాను. మూడు కాయలు నిలిచాయి. ఒకటి అమ్మ పప్పులో వేసేసింది. మిగతా రెండూ ఇప్పుడు అటక మీద ఉన్నాయి. నిన్న ఊపి చూశాను, గింజలు ఇంకా చప్పుడు చేయడం లేదు.