న్యూ మెక్సికో ఎడారిలో గులకరాళ్ల బీడు కొన్నాం, మట్టి పరీక్షలో పీహెచ్ 8.2 వచ్చింది. ఇది చౌడేనా? జిప్సం వేస్తే బాగవుతుందా? అసలు ఇది ఏ రకం నేల?

కాదండీ. చౌడు కాదు, జిప్సం అక్కర్లేదు. డబ్బు పెట్టకముందే అడిగారు, సంతోషం.

లాస్ క్రూసెస్ పక్కన కొండ పాదంలో మీ అన్నయ్య 20 ఎకరాలు కొన్నారనీ, నేలంతా గులకలేననీ, రెండడుగుల లోపల తెల్లగా కనిపించిందనీ రాశారు. ఫోటో చూసి ఊళ్లో ఉన్న మీ నాన్నగారు "చౌడు రా, జిప్సం తోలించండి" అన్నారట. నాన్నగారిని తప్పుపట్టను. సరిగ్గా అదే మాట నేను ఒకప్పుడు ఫారం మీద రాసి సంతకం కూడా పెట్టాను.

మాది అనంతపురం జిల్లా. ఇంట్లో వేరుశనగ సేద్యం. మా ఊరి చెరువు కింద రెండు మళ్లు చౌడు తేలేవి. ఎండాకాలం వస్తే పైన తెల్లటి పొర కట్టేది. పూర్వం బట్టలు ఉతకడానికి ఆ మన్నే తెచ్చుకునేవాళ్లమని మా జేజి చెప్పేది. వాన పడితే ఆ మడిలో కాలు జారేది, నీళ్లు ఇంకక రోజుల తరబడి బురద రంగులోనే నిలబడేవి. తెల్లగా ఉండి, పీహెచ్ 8 దాటితే చౌడే అన్న నమ్మకం అక్కడే పడిపోయింది. అగ్రికల్చర్ డిగ్రీ చదివినా అది పోలేదు. దాంతోనే లాస్ క్రూసెస్‌కి మట్టి మీద మాస్టర్స్ చేయడానికి వచ్చాను.

మొదటి వేసవి, జూన్ నెల. కొండ వాగులు వేల ఏళ్లుగా రాళ్లూ ఇసుకా తెచ్చి విసనకర్రలా పరిచిన వాలు మీద మీటరు లోతు గుంత తవ్వాలి. పొద్దున ఆరింటికే మొదలుపెట్టాం. అక్కడి గొడ్ల బీడులో పనిచేసే అరవై దాటిన పెద్దాయన ఒకరు సాయానికి వచ్చారు. ఆయనది స్పానిష్, నాది ముక్కల ఇంగ్లీషు. ఆయన చేతిలో ఉన్నది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. అచ్చం మా గడ్డపారే. వాళ్లు బార్రా అంటారు.

పైన ఒత్తుగా గులకలు, వాటి కింద అరచేయి మందాన లేత గోధుమరంగు మట్టి. ఆ మట్టిలో బ్రెడ్డు ముక్కలో ఉన్నట్టు సన్న సన్న బుడగల ఖాళీలు. ఇంకా దిగితే సగం మట్టి, సగం రాయి. పార దిగదు, గడ్డపారతో కదిలించి చేత్తో తీయాలి. ఒక అడుగు దాటాక ఒక గులక తీసి నా చేతిలో పెట్టి తిప్పి చూడమన్నారాయన. పైవైపు మామూలు ఎర్రటి రాయి. అడుగువైపు మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఇంకోటి తీశాను, అదీ అంతే. ప్రతి రాయికీ తెలుపు కిందివైపే. వాన నీళ్లు రాయి చుట్టూ జారి అడుగున బొట్టులా వేలాడి, అక్కడే ఆరిపోతాయి. నీళ్లు పోయి సున్నం మిగులుతుంది. అట్లా కొన్ని వేల ఏళ్లు.

రెండడుగుల దగ్గర గడ్డపార ఖంగుమని మోగింది. పెద్దాయన ఆగిపోయి "కలీచే" అన్నారు. రాయిలా గట్టిపడిన సున్నపు పొర అన్నమాట. మళ్లీ పక్కన వేస్తే ఈసారి మెత్తగా దిగింది. "ఇక్కడ ఇంకా కట్టలేదు" అని చేత్తో చూపించారు. మా నాన్న బావి తవ్వించేటప్పుడు శబ్దాన్ని బట్టే బండ దగ్గరైందో లేదో చెప్పేవాడు. పదివేల మైళ్ల దూరంలో అదే విద్య కనిపించేసరికి నాకు గొంతు పట్టేసింది.

సీసాలోని పలుచటి యాసిడ్ రెండు చుక్కలు వేస్తే మట్టి సోడాలా పొంగింది, అంటే సున్నం ఉన్నట్టే. పీహెచ్ 8.3. నేను వెంటనే ఫారం మీద "చౌడు, జిప్సం అవసరం" అని రాసేశాను. సాయంత్రం మా గైడుగారు అది చదివి ఏమీ అనలేదు. ఒక గాజు సీసాలో ఆ మట్టి గుప్పెడు వేసి, మంచినీళ్లు పోసి, బాగా ఊపి బల్ల మీద పెట్టారు. పావుగంటలో మట్టంతా అడుక్కి దిగి పైన నీళ్లు తేటపడ్డాయి. "ఇది చౌడైతే రేపటికి కూడా తేటపడదు" అన్నారు. మా చెరువు కింది మడిలో నిలిచిన బురద నీళ్లు కళ్ల ముందు కనిపించాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న తేడా సీసాలో చూసేదాకా తట్టలేదు.

చౌడులో చెడ్డది సోడియం. అది బంకమట్టి రేణువుల్ని విడగొడుతుంది, నీళ్లు దిగవు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని నెట్టేస్తుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. మీ అన్నయ్య నేలలో కాల్షియానికి కరువు లేదు, నేలే కాల్షియం. ఇంకా కాల్షియం పోసి ఏం సాధిస్తాం? సున్నం ఉన్న తడి మట్టి పీహెచ్ మామూలు గాలిలో 8.2, 8.3 దగ్గర తనంతట తానే నిలబడుతుంది. 8.5 దాటి 9 వైపు పోతే అప్పుడు సోడియాన్ని అనుమానించండి. మీ ల్యాబ్ కాగితంలో ఎస్ఏఆర్ అనే అంకె ఉంటుంది, కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతుందో చెప్పేది, అది 13 కంటే తక్కువుంటే సోడియం భయం వదిలేయండి.

కొందరు వీడియోల్లో గంధకం వేసి పీహెచ్ దించమంటారు. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. లెక్క వేసుకోండి. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు. అందులో పది శాతం సున్నమైతే 90 టన్నులు. అదంతా కరిగితే తప్ప పీహెచ్ నిలకడగా దిగదు, అందుకు 29 టన్నుల దాకా గంధకం కావాలి. గులకల్ని తీసేసి సగమే అనుకున్నా ఎకరానికి 14 టన్నులు. ఈ లెక్క చెప్పకుండా బస్తా కొనమనేవాళ్ల మాట వినొద్దు.

ఇంకో కోపం ల్యాబుల మీద. పేరెందుకు గానీ, నేను పంపిన మొదటి నమూనాకి ఒక ల్యాబ్ "శాండీ లోమ్ (ఇసుక పాలు ఎక్కువున్న మట్టి), నీటి నిల్వ బాగుంది" అని రిపోర్టు ఇచ్చింది. వాళ్లు మట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి దిగినదాన్నే పరీక్షిస్తారు. పైన మిగిలిన గులకలు చెత్తబుట్టలోకి పోతాయి. నా నేలలో సగం ఆ చెత్తబుట్టలోనే ఉంది! మీటరు లోతు మట్టి 12 సెంటీమీటర్ల నీళ్లు పట్టుకుంటుందని కాగితం చెబితే, సగం రాయి ఉన్న చోట నిజంగా పట్టేది ఆరే. ఆ అంకెను నమ్మి డ్రిప్పు లెక్కలు వేస్తే మొక్కలు ఎండిపోతాయి. అందుకే మీ రిపోర్టులో గులకల శాతం లేకపోతే ఆ రిపోర్టు సగమే అనుకోండి.

ఇక ఏ రకం నేల అన్నారు కదా. అమెరికా వర్గీకరణలో నేలలన్నీ 12 పెద్ద కుటుంబాలు. మీది ఎడారి కుటుంబం, అరిడిసాల్. అందులో సున్నం పేరుకున్న శాఖ కాల్సిడ్. ఆ సున్నం ఇంకా మట్టిలా విడివిడిగా ఉంటే హాప్లోకాల్సిడ్, రాయిలా కట్టేస్తే పెట్రోకాల్సిడ్. గులకలు ఘనపరిమాణంలో 35 శాతం దాటితే పేరు ముందు "స్కెలిటల్" చేరుతుంది. అస్థిపంజరం అనే అర్థం, నాకు చాలా నచ్చిన మాట. మీ అన్నయ్య ఉండే డోన్యా ఆనా కౌంటీ మ్యాపుల్లో ఇలాంటి వాలు మీద నికెల్, అప్టన్ అనే రెండు నేలల పేర్లు జంటగా కనిపిస్తాయి. నికెల్ గులకలతో లోతుగా ఉంటుంది, అప్టన్‌లో తక్కువ లోతులోనే కలీచే తగులుతుంది. ప్రభుత్వం నడిపే వెబ్ సాయిల్ సర్వేలో మీ స్థలం చుట్టూ గీత గీస్తే మ్యాపులో ఏముందో ఉచితంగా వస్తుంది. కానీ మ్యాపు ఊరికి వర్తిస్తుంది, మీ గడ్డపార కింద ఉన్నదానికి కాదు. గుంత తవ్వకుండా నేల పేరు చెప్పేవాళ్లని నేను నమ్మను.

సున్నాన్ని బట్టి ఎడారి నేలని చదివే ఈ విద్య చాలావరకు లాస్ క్రూసెస్ చుట్టుపక్కలే పుట్టింది. 1957లో మొదలై పదిహేనేళ్లు నడిచిన డెజర్ట్ ప్రాజెక్టు అనే నేలల పరిశోధనలో లీలండ్ గైల్, జాన్ హాలీ, రాబర్ట్ గ్రాస్‌మన్ లాంటివాళ్లు ఆ వాలులన్నీ తవ్వి చూశారు. గులక అడుగున పూతతో మొదలై, సందులన్నీ మూసుకుపోయి, చివరికి పైన పలకలా పొర కట్టేదాకా సున్నం పేరుకోవడాన్ని నాలుగు దశలుగా 1966లో ప్రచురించారు. నేల వయసు చెప్పడానికి ఆ దశల్ని ఈ రోజుకీ వాడుతున్నారు. గులకల నేలలో ఈ దశలు త్వరగా వస్తాయి, ఎందుకంటే నింపాల్సిన ఖాళీ తక్కువ. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి. సున్నపురాయి ఒక్కటి కూడా లేని కొండల కింద కూడా ఇంత సున్నం ఉంది. అది రాళ్లలోంచి రాలేదు. గాలిలో కొట్టుకొచ్చే దుమ్ములోంచి, వానలోంచి చిటికెడు చిటికెడు దిగింది. ఏడాదికి సుమారు 250 మిల్లీమీటర్ల వాన, అందులో సగానికి పైగా జులై నుంచి సెప్టెంబరు లోపే. మా అనంతపురంలో కరువు కరువంటాం గానీ అక్కడ దీనికి రెట్టింపు పడుతుంది. ఆ కాస్త వాన సున్నాన్ని కింది దాకా కడిగేయలేదు, ఒకటి రెండు అడుగుల్లో వదిలేసి ఆరిపోతుంది. మీ అన్నయ్యకి కనిపించిన తెలుపు అదే.

కలీచేని అందరూ తిడతారు, అది నాకు నచ్చదు. లాస్ క్రూసెస్‌కి ఉత్తరాన హోర్నాడా పరిశోధనా క్షేత్రం ఉంది, 1912 నుంచి బీడు భూముల మీద పనిచేస్తోంది. కలీచే పొర కూడా వాన నీళ్లని పీల్చుకుని వేర్లకి అందిస్తుందని అక్కడివాళ్లు కొలిచి చూపించారు. అది పనికిరాని బండ కాదు. అదే క్షేత్రంలో 1858 నాటి భూసర్వే నోట్సుని 1963 నాటి పరిస్థితితో పోల్చి చూస్తే, గడ్డి ఉన్న చోటల్లా పొదలు ఎలా ఆక్రమించాయో తెలుస్తుంది. మితిమీరిన మేత, కరువులు కలిసి గ్రామా గడ్డిని పోగొట్టాయి. దాని చోట క్రియోసోటు, మెస్కీటు పొదలు నిలబడ్డాయి. మెస్కీటంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమే. నేల చెడ్డదై గడ్డి పోలేదు, మనుషులు గొడ్లని ఎక్కువ తోలడం, దానికి కరువు తోడవడం వల్ల పోయింది. ఇప్పుడు అదే నేలని చూసి బంజరు అంటే నాకు బాధగా ఉంటుంది.

అందుకని మీ అన్నయ్యకి నా సలహా ఒకటే గట్టిగా చెప్పండి. శుభ్రంగా ఉంటుందని 20 ఎకరాలూ బుల్డోజరుతో గీకించొద్దు. పైన పరుచుకున్న ఆ గులకలే వాన దెబ్బ నుంచి, గాలి నుంచి నేలని కాపాడుతున్నాయి. వాటిని తీసేస్తే కింద ఉన్న ఆ బుడగల మట్టి దుమ్మై లేస్తుంది, మళ్లీ అలా పరుచుకోవాలంటే మన జీవితకాలం సరిపోదు. ఇల్లు కట్టే మేర గీకించండి, చాలు. పీకాన్ (అక్రోటు లాంటి గింజ) తోట ఆలోచన ఉంటే వదిలేయండి. మెసియా లోయలో కనిపించే తోటలు రియో గ్రాండే ఒండ్రు మట్టిలో, కాలువ నీళ్లతో ఉన్నవి. అక్కడ కూడా పీహెచ్ ఎక్కువై వేర్లకి జింక్ అందక ఆకుల మీద పిచికారీ చేస్తుంటారు. ఇంటి చుట్టూ నాలుగు చెట్లు కావాలంటే ఆ ఎడారివే పెట్టుకోండి, పెట్టే ముందు ప్రతి గుంటలో బకెట్టు నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతుందో చూడండి. రాత్రంతా నిలిచిపోతే కలీచే అడ్డం ఉన్నట్టే, గుంట పక్కకి జరపండి.

ముందు మూడు చోట్ల మీటరు లోతు తవ్వించండి. వాలు పైన ఒకటి, మధ్యలో ఒకటి, వాగు దగ్గర ఒకటి. టేపు నిలబెట్టి నీడలో ఫోటో తీయండి. యాసిడ్ లేకపోతే నిమ్మరసం పిండినా సన్నగా నురగ వస్తుంది. తీసిన గులకల్ని తిప్పి చూడమనండి, తెలుపు అడుగునే ఉందా, చుట్టూ ఉందా అని. గడ్డపార ఎన్ని అంగుళాల దగ్గర మోగిందో రాసి ఇక్కడ పెట్టండి. 20 అంగుళాల లోపే మోగితే అప్టన్ వైపు చూడాలి, మీటరు దాకా మోగకపోతే నికెల్ కావచ్చు.